గాలికొండకు సైకిల్ మీద

వైజాగ్‌లో ఉండి అరకు వెళ్లనివాళ్లు ఉండరు. కిరండూల్ రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తారు. చుట్టాలొస్తే కారు మాట్లాడుకుని వెళ్తారు. పెళ్లయిన కొత్తలో బైకు మీద వెళ్తారు. ఈ మూడు రకాలుగానూ నేను వెళ్లొచ్చాను. బొర్రా గుహలు, బొంగు చికెన్, కాఫీ పొడి ప్యాకెట్లు... అన్నీ అయిపోయాయి. కానీ ఆ కొండ ఎంత ఎత్తుంటుందని ఎవరైనా అడిగితే 'చాలా ఎత్తు' అనడం తప్ప ఇంకేం చెప్పలేకపోయేవాణ్ని. కార్లో కూర్చున్నవాడికి కొండ ఎత్తుతో పనేముంది? మహా అయితే చెవులు దిబ్బళ్లు పడతాయి, పిల్లలకు కడుపులో తిప్పుతుంది, అంతే.

మొన్న డిసెంబర్‌లో ఆ ఎత్తు నా కాళ్లకు తెలిసొచ్చింది. విశాఖ బీచ్ రోడ్డులో మొదలుపెట్టి, అనంతగిరి ఘాట్ ఎక్కి, గాలికొండ దాకా వెళ్లి, మళ్లీ బీచ్‌కి రావాలి. మొత్తం 200 కిలోమీటర్లు. గడువు పదమూడున్నర గంటలు. బండి... సైకిల్!

మొదటి బహుమతి లేదు

ఇలాంటి సైకిల్ యాత్రని 'బ్రెవే' అంటారు. ఫ్రెంచి మాట. ధ్రువపత్రం అని అర్థం. పేరులోనే ఉంది చూడండి, పోటీ అని లేదు, పందెం అని లేదు. నిర్ణీత దూరాన్ని నిర్ణీత సమయంలో పూర్తిచేస్తే ఒక కాగితం ఇస్తారు. అంతే. ఫస్టు, సెకండు ఉండవు. ముందొచ్చినవాడికీ, గడువుకు నిమిషం ముందు వచ్చినవాడికీ ఒకటే కాగితం. ఫలితాల జాబితా కూడా పేర్ల అక్షరక్రమంలోనే ఉంటుంది.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. పారిస్ నుంచి బ్రెస్ట్ అనే రేవు పట్టణానికి వెళ్లి తిరిగి పారిస్ రావడం, మొత్తం 1200 కిలోమీటర్లు, 1891లో పందెంగా మొదలైంది. తర్వాతి కాలంలో అది మామూలు సైక్లిస్టుల యాత్రగా మారింది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. 90 గంటల్లో పూర్తిచెయ్యాలి. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే సంఘం దాన్ని నడుపుతోంది. ప్రపంచమంతటా జరిగే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలను గుర్తించేదీ ఆ సంఘమే. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండన్యూర్స్ చూసుకుంటుంది. గడువులు ఎక్కడైనా ఒకటే: 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్లు. మైదానంలో అయితే పెద్ద విషయం కాదు. కొండకి ఆ సంగతి తెలియదు కదా! కొండున్నా, వానొచ్చినా, టైరు పేలినా గడువు మారదు.

ఇంకో నియమం నాకు బాగా నచ్చింది. మన అవసరాలు మనమే చూసుకోవాలి. వెనకాల కారు రాకూడదు. ఇంట్లోవాళ్లు దారి మధ్యలో మంచినీళ్ల సీసా అందించినా ఒప్పుకోరు. ఏ సాయమైనా కంట్రోల్ పాయింట్ల దగ్గరే. కొట్లో కొనుక్కు తినొచ్చు. తోటి సైక్లిస్టు సాయం తీసుకోవచ్చు. ఈ చివరి మాట ఎంత విలువైందో సాయంత్రానికి గానీ నాకు అర్థం కాలేదు.

చీకట్లో బయల్దేరాం

పొద్దున్న 4.30కి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర చేరాం. ముప్పైమందికి పైగానే ఉన్నాం. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఇద్దరు డాక్టర్లు, ఒక గృహిణి, నేవీలో పనిచేసే నలుగురు. హెల్మెట్టు, ముందొక లైటు, వెనకొక లైటు, మెరిసే జాకెట్టు ఉన్నాయో లేవో చూశారు. అందరికీ తలో అట్ట కార్డు ఇచ్చారు. కంట్రోల్ పాయింటు దగ్గర అందులో స్టాంపు వేసి టైము రాస్తారు. అది పోతే రోజంతా తొక్కిందీ పోయినట్టే. ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా వెనక జేబులో దోపుకున్నాను.

నా పక్కన నిలబడ్డాయనకి అరవై ఒకటి. లెక్కల మాస్టారుగా గవర్నమెంటు హైస్కూల్లో రిటైరయ్యారు. కొడుకు కారేసుకుని వెనకాల వస్తానన్నాడట. "వస్తే నన్ను తీసేస్తార్రా, ఇంట్లో ఉండు" అని చెప్పి వచ్చారు. పోయినేడు ఇదే బ్రెవేలో తొమ్మిది నిమిషాలు ఆలస్యమై ఆయనకి కాగితం రాలేదు. "సైన్సు పేపర్లో మోడరేషన్ ఇచ్చేవాళ్లం. ఇక్కడ అదీ లేదు బాబూ!" అని నవ్వారు.

సరిగ్గా 5 గంటలకు వదిలారు. ఆ వేళ బీచ్ రోడ్డు నడిచేవాళ్లదే. వాళ్లలో కొందరు చప్పట్లు కొట్టారు. హనుమంతవాక, అడవివరం, సింహాచలం మీదుగా పెందుర్తి చేరేసరికి తూరుపు తెల్లబడింది. కొత్తవలస దాటాక పొలాలు మొదలయ్యాయి. వరి కోతలైపోయి కుప్పలు వేసి ఉన్నాయి. గడ్డి మీద మంచు, పొయ్యిల పొగ కలిసి రోడ్డుకి అడ్డంగా తెల్లటి తెరలా పరుచుకున్నాయి. లక్కవరపుకోట దగ్గర ఒక పాక హోటల్లో ఇడ్లీల ఆవిరి చూసి కాళ్లు ఆగబోయాయి. ఆగలేదు.

7.40కి శృంగవరపుకోట... అందరూ పిలిచేది ఎస్.కోట. 55 కిలోమీటర్లు. మొదటి కంట్రోల్. స్టాంపు, రెండు అరటిపళ్లు, ఒక టీ. 7.55కి మళ్లీ రోడ్డెక్కాం. ఇక్కడిదాకా జరిగింది నిజానికి తెల్లవారుజాము షికారు. ఎదురుగా నీలంగా తూర్పు కనుమలు. వాటి నెత్తి మీదకే వెళ్లాలి.

బొడ్డవర దాటాక

బొడ్డవర దాటగానే రోడ్డు తలెత్తింది. మాస్టారు వాచీ చూసుకున్నారు. 8.20. "పై కంట్రోలు మూసేది 11.40కి. ఉన్నది 38 కిలోమీటర్లు. చేతిలో మూడు గంటల ఇరవై నిమిషాలు. గంటకు 11.4 చొప్పున పడాలి" అన్నారు. అప్పటినుంచి ఆ 11.4 నా బుర్రలో గంటలా మోగుతూనే ఉంది.

సైకిల్ మీద కొండెక్కడంలో చిత్రమేమిటంటే, బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. తేలిక గేరు వేసుకుని, ఊపిరి అందేంత వేగంలో తిప్పుతూ పోవాలి. మాట్లాడగలుగుతున్నామంటే సరైన వేగంలో ఉన్నట్టు. మాట ఆగిపోయిందంటే గేరు మార్చాలి. మా ముందు జోరుగా వెళ్లిన కుర్రాళ్లు కొందరు నాలుగో అయిదో మలుపు దగ్గర రోడ్డు పక్కన కూర్చుని కనబడ్డారు. "పర్లేదా?" అని అడిగితే బొటనవేలు ఎత్తారు గానీ మాట రాలేదు.

కార్లో ఎన్నిసార్లు వెళ్లినా నేను చూడనివి ఆ వేగంలో కనబడ్డాయి. రాతి సందుల్లోంచి దారంలా కారే నీళ్లు. మలుపు దగ్గర గుంపుగా కూర్చుని మా అరటిపళ్ల సంచులనే చూస్తున్న కోతులు. నీడలోకి వెళ్లగానే చల్లగా తగిలే గాలి, ఎండలోకి రాగానే చుర్రుమనే వీపు. టైడా దగ్గరకొచ్చేసరికి అవతలి కొండవాలులో ఇంజన్ల రొద. తలెత్తి చూస్తే ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండి సొరంగంలోంచి బయటికొస్తోంది. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, తోక ఇంకా సొరంగంలోనే ఉంది, తల ఇంకో సొరంగంలోకి దూరిపోయింది.

ఆ కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో వేశారు. బైలడిల్లా గనుల్లోని ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, ఓడల మీద జపాన్‌కు పంపడానికి. దారిలో 58 సొరంగాలు. ఇక్కడికి పైనున్న శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైందిగా అది చాలా కాలం పేరు మోసింది. రైలుకి సొరంగం ఉంది. మాకు లేదు. కొండ చుట్టూ తిరగాల్సిందే.

బాగా నిటారుగా ఉన్న ఒక మలుపులో నా మీటరు 6 చూపిస్తోంది. పక్కన ఒక పెద్దాయన కావిడికి రెండు వైపులా కొండచీపుర్ల కట్టలు వేసుకుని ఎక్కుతున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. కాసేపటికి కావిడే నన్ను దాటేస్తుందేమో అనిపించింది. ఆయన నావంకా సైకిల్ వంకా మార్చి మార్చి చూసి, "దిగి నడిసీ బాబూ, బేగెల్తావు" అన్నాడు. మాస్టారు పకపకా నవ్వారు. నవ్వితే ఊపిరందక ఇద్దరం కాసేపు నిజంగానే దిగి నడిచాం.

"ఎంతదూరం తాతా?" అని అడిగాను.

"ఇదుగో, ఈ మలుపు కాడ దిగిపోతాను. పైన మా వూరు." పైన అంటే రోడ్డుకి కాదు. రోడ్డు పక్కనుంచి నిట్టనిలువుగా పోయే కాలిబాటకి. మా ఘాట్ రోడ్డు ఆయన దారిలో సగం కూడా లేదు. ఆయన కార్డు మీద ఎవరూ స్టాంపు వెయ్యరు.

9.50కి మాస్టారు మళ్లీ లెక్క చెప్పారు. "గంటన్నర అయింది. 17 కిలోమీటర్లొచ్చాం. రావాల్సింది 17.1. వంద మీటర్లు అప్పున్నాం!"

నా తొడలు బరువెక్కాయి. మెడ నొప్పి. సీసాలో నీళ్లు గోరువెచ్చగా అయిపోయాయి. నిజం చెప్పాలంటే అప్పటికి కొండ అందం చూసే స్థితిలో లేను. ముందున్న ఇరవై అడుగుల రోడ్డు, మాస్టారి వెనక చక్రం, అంతే నా లోకం. ఇంకో మలుపు, ఇంకో మలుపు. ప్రతి మలుపు తర్వాతా ఇదే ఆఖరిదని అనుకోవడం, కాదని తెలియడం.

అనంతగిరి దగ్గరపడుతుంటే మాత్రం కొండ కాస్త కరుణించింది. వాలు తగ్గింది. మధ్యమధ్య కొద్దిపాటి డౌను కూడా వచ్చింది. రెండు వైపులా కాఫీ తోటలు. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల పాదులు, కింద నీడలో కాఫీ మొక్కలు. డిసెంబర్ కదా, పళ్లు ఎర్రగా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. బుట్టలు నడుముకి కట్టుకుని ఆడవాళ్లు కోస్తున్నారు. మా వరస చూసి వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని నవ్వుకున్నారు.

గాలికొండ మీద ఎండలో కూడా గాలి చల్లగా కొట్టింది. పేరు ఊరికే పెట్టలేదు. స్టాంపు పడేసరికి 11.28. గడువుకి పన్నెండు నిమిషాల ముందు.

"ఎంతిస్తారేటి?"

సముద్రం పక్క నుంచి బయల్దేరి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తుకి కాళ్లతో వచ్చాం. వ్యూ పాయింట్ దగ్గర నిలబడి చూస్తే కొండల వెనక కొండలు, మధ్యలో పలచటి మంచు, కింద లోయలో అక్కడక్కడా పసుప్పచ్చగా వలిసె పూల మళ్లు. పక్కనే కార్లలో వచ్చినవాళ్లు సెల్ఫీలు దిగుతున్నారు. మాలో ఒకరిద్దరు ఆ కార్ల నీడలో వెల్లకిలా పడుకున్నారు.

అరకు ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే ఉంది. మేం అక్కడికి వెళ్లం. ఇక్కడినుంచే వెనక్కి. అరకు దారిలో ఇంత కష్టపడి అరకు చూడకుండా తిరిగిపోవడం జీవితంలో ఇదే మొదటిసారి.

బడ్డీ దగ్గర కాఫీ తీసుకున్నాం. ఆమె కాఫీ కలుపుతూ అడిగింది.

"ఇసాపట్నం నుంచి సైకిలేసుకొచ్చీసినారా? బస్సులు తిరగడంలేదేటి?"

"తిరుగుతున్నాయమ్మా. ఇది మేం కావాలనే..."

"పందెమా? గెలిస్తే ఎంతిస్తారేటి?"

"ఏమీ ఇవ్వరు. మేమే డబ్బు కట్టి వచ్చాం."

ఆమె గ్లాసు ఇవ్వబోతూ ఆగిపోయింది. మాస్టారి తెల్లజుట్టు చూసింది. "మీరూ కట్టినారా బాబూ?" అంది జాలిగా. కాఫీకి డబ్బులు తీసుకుంది గానీ, ఉడకబెట్టిన చిలగడదుంపలు రెండు మాత్రం ఊరికే ఇచ్చింది. అంత రుచి ఇప్పటిదాకా ఏ హోటల్లోనూ తగల్లేదు.

ఉక్కు తీగ

12 గంటలకు దిగడం మొదలుపెట్టాం. ఎక్కడం కాళ్ల పని అయితే దిగడం చేతుల పని. బ్రేకు అదేపనిగా పట్టుకుని ఉంచితే రిమ్ములు కాలిపోతాయి. అందుకని మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో వదిలెయ్యాలి, ముందుదీ వెనకదీ మార్చి మార్చి నొక్కాలి. ఎదురుగా టూరిస్టు కార్లు, బస్సులు. మన ఎడమ మనం వదలకూడదు. చేతివేళ్లు తిమ్మిరెక్కి ఒకచోట ఆగి దులుపుకోవాల్సి వచ్చింది.

టైడా దగ్గర్లో నా వెనక చక్రం మెత్తగా తగిలింది. పంక్చర్.

చక్రం విప్పి, ట్యూబు తీసి, కొత్త ట్యూబు వెయ్యడం పది నిమిషాల పని. కానీ టైర్లో గుచ్చుకున్నదేమిటో దొరక్కుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. ఎంత వెతికినా కనబడదే! పెద్ద లారీల టైర్లు అరిగి పగిలినప్పుడు వాటిలోని సన్నటి ఉక్కు తీగ ముక్కలు రోడ్డు మీద రాలుతుంటాయి. వెంట్రుక మందం. కంటికి ఆనదు. టైరు లోపల వేలి కొసతో తడుముకుంటూ పోవాలి. గుచ్చుకుంటే అదే!

మాస్టారు తన సైకిల్ గోడకి ఆనించి వచ్చి టైరు రెండోవైపు నుంచి తడమడం మొదలుపెట్టారు.

"మీరెళ్లండి మాస్టారూ. పోయినసారి అసలే తొమ్మిది నిమిషాలు..."

"ఆ తొమ్మిది నిమిషాలు ఎక్కడ పోయాయనుకున్నారు? కోట దాటాక. సముద్రపుగాలి ఎదురు కొడుతుంది. ఒక్కణ్నే వచ్చాను. దానికి అడ్డం ఉండటానికి నాకు ముందొక మనిషి కావాలి. మీ టైరు బాగుపడ్డం నా అవసరం బాబూ."

అరగంట పట్టింది. తీగ ఆయన వేలికే గుచ్చుకుంది.

సముద్రం ఎదురొచ్చింది

ఎస్.కోట చేరేసరికి 2.20. ఆ కంట్రోలు 2.40కి మూసేస్తారు. నిలబడే పెరుగన్నం తిన్నాం. మామిడికాయ ఊరగాయ రెండు ముక్కలు ఎక్కువే వేసుకున్నాను. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావాలి కదా. 2.45కి బయల్దేరాం. 55 కిలోమీటర్లు, మూడుమ్ముప్పావు గంటలు. పొద్దున్న ఇదే దూరం రెండు గంటల నలభై నిమిషాల్లో వచ్చాం. మరేం భయం?

ఎల్.కోట దగ్గర భయం తెలిసింది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి తోసుకొస్తుంది. తీరంలో ఉన్నవాళ్లకి అది హాయి. సముద్రం వైపు సైకిల్ తొక్కుతున్నవాడికి మాత్రం ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తున్నట్టుంటుంది. కొండకయినా శిఖరం ఉంటుంది. గాలికి అదీ ఉండదు. రోడ్డు చదునుగా కనబడుతోంది, మీటరు 14 దాటట్లేదు.

మాస్టారు చెప్పినట్టే చేశాం. ఒకరి వెనక ఒకరు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మూరెడు ఎడం. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకున్నవాడికి ఊపిరి తీసుకునే వీలు. రెండు కిలోమీటర్లు నేను, రెండు ఆయన. వెనకున్నప్పుడు ఎంత తేలికో, ముందుకి రాగానే ఎంత బరువో. దాదాపు మూడో వంతు కష్టం తగ్గుతున్నట్టే అనిపించింది. దారిలో ఒంటరిగా పోరాడుతున్న ఇద్దర్ని కలుపుకున్నాం. నలుగురం అయ్యాం. ఇప్పుడు ఒక్కొక్కరి వంతు రావడానికి ఆరు కిలోమీటర్ల విశ్రాంతి. మాటల్లేవు. ముందున్నవాడు మోచెయ్యి కాస్త ఆడిస్తే 'నా వంతు అయిపోయింది' అని అర్థం. పందెమైతే ఈ నలుగురం ఒకళ్లనొకళ్లు ఎలా వదిలించుకోవాలా అని చూసేవాళ్లం.

కొత్తవలస దాటగానే మాస్టారు కేకేసి పక్కకి ఆగిపోయారు. పిక్క పట్టేసింది. కాలు చాచలేరు, ముడవలేరు. మొహం పాలిపోయింది. ఆ ఇద్దర్నీ వెళ్లమన్నాం. వాళ్లు పది గజాలు వెళ్లి, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, తిరిగొచ్చారు. ఒకతను మడమ పట్టుకుని పాదాన్ని మోకాలి వైపు వంచాడు. నేను పక్కన కిరాణా కొట్లోకి పరిగెత్తాను. కొట్టావిడ విషయం విని, ప్యాకెట్టు కాదు, ఇంట్లోంచి చెంబుతో మజ్జిగ తెచ్చి గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. మాస్టారు గటగటా తాగి, ఆ నొప్పిలో కూడా వాచీ చూసుకున్నారు. "4.40. ఇంకా 28. గంటా యాభై నిమిషాలు. ఇప్పుడు గంటకు 15.3 కావాలి."

మిగతా దారంతా ఆయన్ని ముందుకి రానివ్వలేదు. ముగ్గురం వంతులేసుకున్నాం. పెందుర్తి చేరేసరికి పొద్దు గూట్లో పడింది, లైట్లు వేసుకున్నాం. సందెవేళ ట్రాఫిక్. ప్రతి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు ముందు నిలబడి సెకన్లు లెక్కపెట్టుకోవడం. నియమం ప్రకారం సిగ్నల్ దాటకూడదు. దాటలేదు. సింహాచలం పక్కనుంచి పోతూ నలుగురం చెయ్యెత్తి కొండకి ఒక దణ్నం పెట్టాం. అడవివరం దాటాక చిన్న మిట్ట ఒకటి. పొద్దున్న అది ఉన్నట్టే తెలియలేదు. ఇప్పుడది గాలికొండంత.

ఆ మిట్ట మీద మాస్టారు వెనకనుంచి మెల్లగా ముందుకొచ్చారు. "ఇది నేను లాగుతాను" అన్నారు. వద్దన్నా వినలేదు. హనుమంతవాక సిగ్నల్ దాకా ఆయనే ముందున్నారు.

బీచ్‌లో టైము రాసేసరికి 6.14. గడువు 6.30.

అందరికంటే ముందొచ్చిన కుర్రాడు మధ్యాహ్నం రెండున్నరకే చేరాడట. ఇంటికెళ్లి స్నానం చేసి, తిండి తిని, మళ్లీ వచ్చి చివరివాళ్ల కోసం టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. కొందరు మధ్యలోనే ఆగిపోయి వ్యానులో, రైల్లో వచ్చేశారు. వాళ్లూ అక్కడే ఉన్నారు. మాస్టారు కార్డు ఇచ్చేసి ఇసకలో చతికిలబడ్డారు. కొడుకు వచ్చి లేపబోతే "ఉండరా, పదహారు నిమిషాలు మిగిలాయి. వాటిని కూర్చునే ఖర్చుపెడతాను" అన్నారు.

మీరూ వెళ్లాలనుకుంటే

ఖరీదైన సైకిలే ఉండాలని లేదు. తేలిక గేర్లు ఉండాలి, బ్రేకులు గట్టిగా ఉండాలి. నాలుగు నెలల ముందునుంచి వారానికి మూడు రోజులు తొక్కాలి. వారాంతంలో 40 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా వందకి పెంచుకోవాలి. వైజాగ్‌లో ఉన్నవాళ్లకి కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లు మంచి బడి. నలభై దాటినవాళ్లు ముందు డాక్టరు చేత గుండె, బీపీ, షుగరు చూపించుకోవడం మంచిది.

రెండు ట్యూబులు, పంపు, టైరు లివర్లు తప్పనిసరి. ఇంట్లో నాలుగుసార్లు చక్రం విప్పి బిగించి చూసుకోవాలి. ఆకలెయ్యకముందే తినాలి, దాహమెయ్యకముందే తాగాలి. గంటకోసారి పల్లీ చిక్కీనో ఖర్జూరమో అరటిపండో నోట్లో పడాలి. ఈ దారికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మిగతా ఊళ్లవాళ్లు తమ దగ్గర బ్రెవేలు ఎప్పుడున్నాయో ఆడాక్స్ ఇండియా వెబ్‌సైట్‌లోని క్యాలెండర్‌లో చూసుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లెవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు.

ఎదురుగాలికి మాత్రం ఏ దుకాణంలోనూ సామాను దొరకదు. దారిలో దొరికిన మనిషిని వదలకండి. మాస్టారు ఈ ఏడాది 300 కిలోమీటర్లకి పేరిచ్చారు. గడువు 20 గంటలు, రాత్రి కూడా తొక్కాలి. నిన్న ఫోన్ చేసి, "గంటకు 15 చొప్పున లెక్కేశాను బాబూ, మీ వంతు 150" అన్నారు.